రొటేటర్ దగ్గరి లూప్‌కి ఏ కోయాక్స్ వాడాలి: నా అనుభవం

నా హామ్ రేడియో (ఔత్సాహికులు నడిపే రేడియో) టవర్ మీద మూడు యాంటెనాలున్నాయి. 20, 15, 10 మీటర్ల బ్యాండ్లకి మూడు ఎలిమెంట్ల (అడ్డ కడ్డీల) యాగీ, అంటే ఒక దిక్కుకి గురిపెట్టే యాంటెనా, ఒకటి, దాని పైన 144, 432 మెగాహెర్ట్జ్‌కి చెరొక యాగీ. మూడూ ఒకే మాస్ట్ (నిలువు గొట్టం) మీద, ఒకే రొటేటర్‌తో (దాన్ని తిప్పే మోటారుతో) తిరుగుతాయి. జనవరి మొదట్లో 10 మీటర్ల బ్యాండ్‌లో తేడా మొదలైంది. యాంటెనా ఈశాన్యం వైపు ఉన్నంతసేపూ ఎస్‌డబ్ల్యూఆర్ (పవర్ ఎంత వెనక్కి తిరిగొస్తోందో చూపే కొలత, 1కి ఎంత దగ్గరైతే అంత మేలు) 1.3 దగ్గర కదలకుండా ఉండేది. దక్షిణం దాటి పడమరకి తిప్పగానే 2 దాటి ఎగిరి, ఒక్కోసారి దానంతటదే దిగిపోయేది. గాలి వీచినప్పుడల్లా రిసీవర్‌లో చిటపటలు.

దగ్గర్లో లోహపు కట్టడాలుంటే కూడా దిక్కుతో పాటు ఎస్‌డబ్ల్యూఆర్ మారుతుంది. కానీ అలాంటప్పుడు మీటరు ముల్లు మెల్లగా జరుగుతుంది, ఇలా ఎగిరెగిరి పడదు. ఎగిరి పడుతోందంటే ఎక్కడో లోహానికీ లోహానికీ మధ్య అతుకు వదులైందనే అర్థం. యాంటెనా బిగించే ఉంటుంది, ప్రధాన కేబుల్ టవర్ కాలుకి కట్టేసి ఉంటుంది. తిప్పినప్పుడు వంగేది మాస్ట్ నుంచి టవర్ కాలు మీదికి దిగే లూప్, అంటే వదులుగా వేలాడే కోయాక్స్ (రేడియో సంకేతాన్ని మోసే కేబుల్) ముక్క ఒక్కటే. అందుకే ముందు అనుమానం దాని మీదికే పోయింది.

జనవరి చివరి వారం దాకా గాలి తగ్గలేదు, టవర్ ఎక్కడానికి ఆగాల్సి వచ్చింది. ఎక్కాక మొదట చేసింది లూప్ పై కొస నుంచి యాంటెనాని విడదీసి, అక్కడ 50 ఓమ్‌ల డమ్మీ లోడ్ (యాంటెనా బదులు పెట్టే రెసిస్టర్) తగిలించడం. ఇది పెడితే యాంటెనా లెక్కలోంచి తప్పుకుంటుంది. కింది కొసని కూడా ప్రధాన కేబుల్ నుంచి విడదీసి, నానో వీఎన్ఏని (కేబుల్, యాంటెనాలని కొలిచే చిన్న పరికరం) నేరుగా అక్కడే పెట్టాను. గదిలో కూర్చుని 35 మీటర్ల కేబుల్ గుండా కొలిస్తే ఆ కేబుల్ నష్టమే పై ఫ్రీక్వెన్సీల్లో తప్పుని కప్పేస్తుంది, దూరం సరిగ్గా దొరకదు. 900 మెగాహెర్ట్జ్ వెడల్పున స్వీప్ చేసి, వెలాసిటీ ఫ్యాక్టర్ (కేబుల్‌లో సంకేతం వేగం కాంతి వేగంలో ఎంత వంతో చెప్పే సంఖ్య) 0.85 ఇచ్చి టైమ్ డొమైన్‌లో, అంటే తప్పు ఎంత దూరంలో ఉందో చూపే గీతలో చూస్తే దాదాపు 14 సెంటీమీటర్ల తేడాని కూడా విడదీసి చూపిస్తుంది. లూప్‌ని చేత్తో పట్టుకుని వంచుతుంటే పై క్లాంపు దగ్గర ఒక బొడిపె లేచి పడుతోంది. తప్పు దొరికిందన్న ఊరట చెప్పలేనిది. ఎందుకంటే అది యాంటెనా ఫీడ్ పాయింట్‌లో (కేబుల్ యాంటెనాకి కలిసే చోట) ఉండుంటే బూమ్ (కడ్డీలని మోసే పొడవాటి గొట్టం) మొత్తం కిందికి దించాల్సి వచ్చేది.

ఒక జాగ్రత్త ఇక్కడే చెప్పాలి. పైన మనిషి చేతులు లూప్ మీద ఉన్నప్పుడు రొటేటర్ కంట్రోల్ బాక్స్ ప్లగ్ తీసి ఉండాలి, ట్రాన్స్‌మిటర్ కోయాక్స్ ఊడదీసి ఉండాలి. తిప్పి చూడాల్సి వస్తే పైనున్నవాళ్లు చేతులు తీసి, చెప్పిన తర్వాతే కిందివాళ్లు ప్లగ్ పెట్టాలి. రొటేటర్ బలానికి చెయ్యి అడ్డం పడితే ఏం మిగలదు.

పాత లూప్ ఎల్‌ఎంఆర్-400 అనే రకం కోయాక్స్. దించి, పై క్లాంపు దగ్గర నిలువునా కోసి చూశాను. లోపలి అల్యూమినియం ఫాయిల్ చుట్టూతా ఉంగరాల్లా చీలి ఉంది. వంపు లోపలి వైపు ముడతలు, బయటి వైపు పగుళ్లు. ఫాయిల్ తెగిన చోట కరెంటు బ్రెయిడ్ (ఫాయిల్ మీద అల్లిన సన్న తీగల వల) తీగల గుండా దారి వెతుక్కుంటుంది. వంచినప్పుడల్లా ఆ పగులు అంచులు కలిసి విడిపోతుంటాయి, చిటపటలు అవే. మధ్య తీగ కూడా సరిగ్గా మధ్యలో లేదు, ఫోమ్‌ని నొక్కుకుంటూ ఒక పక్కకి జరిగింది.

ఆ కేబుల్ చెడ్డదని చెప్పడం నా ఉద్దేశం కాదు. 35 మీటర్ల ప్రధాన కేబుల్ ఇప్పటికీ అదే, మార్చే ఆలోచన కూడా లేదు. అది కదలకుండా ఉండే పనికి పుట్టిన కేబుల్. మధ్యలో రాగి పూత పూసిన ఒంటి అల్యూమినియం తీగ, దాని చుట్టూ ఫోమ్, ఫోమ్‌కి అంటించిన ఫాయిల్, పైన బ్రెయిడ్. నష్టం తక్కువగా ఉండటానికి కారణమైన ఈ మూడూ, అంటే ఒంటి తీగ, ఫోమ్, ఫాయిల్, వంపుల దగ్గరికి వచ్చేసరికి బలహీనతలవుతాయి. తయారీదారు ఇచ్చిన కొలత చూసినా తెలుస్తుంది: ఒకసారి వంచి వదిలేయడానికి కనీస వ్యాసార్థం 25 మిల్లీమీటర్లు, పదే పదే వంచడానికి 100 మిల్లీమీటర్లు. రోజుకి 20 సార్లు యాంటెనా తిప్పితే ఏడాదికి 7,300 వంపులు. ముడతల రాగి గొట్టం ఉన్న హార్డ్‌లైన్ అయితే ఇంకా ముందే పోతుంది. వంచిన కొద్దీ రాగి బిరుసెక్కి పగులుతుంది. దాన్ని రొటేటర్ మీదుగా నేరుగా తీసుకెళ్లడం అనే మాటే వద్దు.

ఫిబ్రవరి మొదటి వారమంతా ఏ కేబుల్ కొనాలన్న లెక్కలతోనే సరిపోయింది. చాలామంది ఇక్కడే డీబీ (డెసిబెల్, కేబుల్ నష్టాన్ని చెప్పే కొలమానం) పట్టికలు ముందేసుకుని ఇరుక్కుంటారు. టవర్ కింద నుంచి పై దాకా ఒకే కేబుల్ ఉండాలనుకుంటే ఆ పట్టికే రాజు. కానీ లూప్‌ని వేరే ముక్కగా చూస్తే లెక్క మారిపోతుంది. ఆర్‌జీ-213 అనే మరో రకం కోయాక్స్‌కి 432 మెగాహెర్ట్జ్ దగ్గర 100 మీటర్లకి తయారీదారుని బట్టి సుమారు 14 నుంచి 16 డీబీ నష్టం. 38 మీటర్లూ అదే వేస్తే 5.3 నుంచి 6 డీబీ, అంటే పంపిన పవర్‌లో ఇంచుమించు నాలుగింట మూడు వంతులు కేబుల్లోనే వేడైపోతుంది. కానీ లూప్ మూడు మీటర్లే. ఆ మూడు మీటర్లకి నష్టం 0.42 నుంచి 0.48 డీబీ. అదే మూడు మీటర్లు ఎల్‌ఎంఆర్-400 అయితే సుమారు 0.26. తేడా 0.2 డీబీ దరిదాపుల్లో. 144 దగ్గర తేడా 0.1 డీబీ. 28 మెగాహెర్ట్జ్ (10 మీటర్ల బ్యాండ్) దగ్గరైతే మొత్తం నష్టమే 0.1 డీబీ, అందులో తేడా వెతకడం అనవసరం. అవతలి స్టేషన్‌లో ఎవరికీ ఈ తేడా వినపడదు. లూప్ పగిలితే మాత్రం అందరికీ వినపడుతుంది. లూప్‌ని వంగే గుణం చూసి ఎంచుకోవాలి, ప్రధాన కేబుల్‌ని నష్టం చూసి ఎంచుకోవాలి, రెంటినీ టవర్ పైన కనెక్టర్‌తో కలపాలి. ఈ ఒక్క విషయంలో నాకు రెండో అభిప్రాయం లేదు.

వరసలో ఉన్నవి నాలుగు. ఎల్‌ఎంఆర్-400 అల్ట్రాఫ్లెక్స్‌లో మధ్య తీగ పేలికల రాగి (ఒంటి తీగ కాకుండా, సన్న తీగలు కలిపి పేనినది), జాకెట్ రబ్బరులా మెత్తనిది, నష్టం మామూలు ఎల్‌ఎంఆర్-400 కంటే దాదాపు 20 శాతం ఎక్కువ. మంచిదే, కానీ లోపల ఫోమూ ఫాయిలూ అలాగే ఉన్నాయి. ఎకోఫ్లెక్స్ 10 కూడా ఇదే కోవ, పేలికల మధ్య తీగ, ఫోమ్, ఫాయిల్, బ్రెయిడ్. 432, అంతకంటే పైన మాత్రమే పనిచేసేవాళ్లు ఈ రెంట్లో ఒకటి తీసుకోవడం సబబే, లూప్‌ని కాస్త పెద్ద వంపుతో వదిలితే చాలు. ఆర్‌జీ-400 టెఫ్లాన్ కేబుల్ 5 మిల్లీమీటర్ల సన్నటిది, పేలికల మధ్య తీగ, వెండి పూత రెండు బ్రెయిడ్లు, వేడికి చలించదు. కానీ 432లో మూడు మీటర్లకే నష్టం ఆర్‌జీ-213కి ఇంచుమించు రెట్టింపు, వెల కూడా ఎక్కువ. దాని తోబుట్టువు ఆర్‌జీ-142 చూడ్డానికి అలాగే ఉంటుంది గానీ మధ్యలో రాగి పూత ఉక్కు ఒంటి తీగ. లూప్‌కి పనికిరాదు, పేరు చూసి పొరపడొద్దు.

చివరికి ఆర్‌జీ-213 మీదే నిలిచాను. ఏడు పేలికల రాగి, సాలిడ్ పాలిథిలిన్, ఒకే బ్రెయిడ్, ఫాయిల్ లేదు. సాలిడ్ పాలిథిలిన్ కాబట్టి ఎండకి కాగినా మధ్య తీగ పక్కకి జరగడం ఫోమ్‌లో కంటే చాలా తక్కువ. జాకెట్‌లోని ప్లాస్టిసైజర్ (మెత్తదనానికి కలిపే రసాయనం) లోపలికి దిగి ఇన్సులేషన్‌ని పాడుచేయని రకం పీవీసీ దీనికి వాడతారు. పాత ఆర్‌జీ-8 కేబుళ్లకి ఉండే పెద్ద జబ్బు అదే. బరువు మాత్రం ఎక్కువ, మీటరుకి 150 గ్రాముల పైచిలుకు.

ఖర్చు గురించి ఒక మాట. మూడు లూప్‌లకి కావాల్సింది తొమ్మిది మీటర్లు, ప్రధాన కేబుళ్లు మూడూ కలిపి వంద మీటర్ల పైన. లూప్ కేబుల్ వెల మొత్తం ఖర్చులో లెక్కకి రాదు. జేబుకి తగిలేవి కనెక్టర్లు: లూప్‌కి రెండు, కలిపే బ్యారెల్ ఒకటి, ప్రధాన కేబుల్ పై కొసకి కొత్తది ఒకటి. మూడు లైన్లకి పన్నెండు వస్తువులు. వీటిలో పొదుపు చేయొద్దు.

ఆర్డర్ పెట్టాక రెండు వారాలు పట్టింది. వచ్చిన చుట్ట జాకెట్ మీద ఆర్‌జీ-213 అనే అచ్చేసి ఉంది, కొస కోసి చూస్తే అది కాదు. ఎవరు కొన్నా ముందు ఈ కొలతలు చూసుకోవాలి. బయటి వ్యాసం 10.3 మిల్లీమీటర్లు, లోపలి ఇన్సులేషన్ 7.25, మధ్య తీగ 0.75 మందం పేలికలు ఏడు, కలిపి 2.25. ఇన్సులేషన్ కాస్త పారదర్శకంగా, గోరు దిగనంత గట్టిగా ఉండాలి. పాలలా తెల్లగా, గోటితో నొక్కితే సొట్టపడేలా ఉంటే అది ఫోమ్. బ్రెయిడ్ సందుల్లోంచి ఇన్సులేషన్ కనిపించకూడదు. నాకు వచ్చినదానిలో బ్రెయిడ్ జల్లెడలా ఉంది, పేలికలు అయస్కాంతానికి అంటుకున్నాయి, అంటే రాగి పూత వేసిన ఉక్కు. వెనక్కి పంపి మరోచోట నుంచి తెప్పించేసరికి ఫిబ్రవరి అయిపోయింది. అన్ని రోజులు స్టేషన్ మూగగా ఉండటం బాధగానే అనిపించింది. అయినా ఆ ముక్కని పైకెక్కించి ఉంటే మళ్లీ ఇదే కథ.

పొడవు లెక్క ఎలా వేశానో చెబుతాను, ఇది ఎవరి టవర్‌కైనా అక్షరాలా పనికొస్తుంది. మాస్ట్ నుంచి 25 సెంటీమీటర్లు బయటికి పొడుచుకొచ్చేలా ఒక చిన్న చేయి బిగించి, లూప్ పై కొసని దానికి కట్టాను. కింది కొస టవర్ కాలుకి, మాస్ట్ మధ్య నుంచి 30 సెంటీమీటర్ల దూరంలో. రెండు క్లాంపుల మధ్య ఎత్తు ఒక మీటరు. రొటేటర్ 450 డిగ్రీలు తిరిగేది. యాయెసు (Yaesu) కంపెనీ జీ-1000డీఎక్స్ఏ లాంటివి అలాగే తిరుగుతాయి, 360 తిరిగేవైతే లెక్క ఇంకా తేలిక. రొటేటర్‌ని దాని మొత్తం తిరుగుడులో సరిగ్గా మధ్యకి తెచ్చి, అప్పుడు చేయి టవర్ కాలు వైపు ఉండేలా బిగిస్తే, రెండు పక్కలా 225 డిగ్రీలే లూప్ చుట్టుకోవాలి. 30 సెంటీమీటర్ల వ్యాసార్థంతో 225 డిగ్రీల చాపం పొడవు 1.18 మీటర్లు. ఎత్తు ఒక మీటరు. రెండూ కలిసిన వాలు 1.55 మీటర్లు. చివరి దాకా తిరిగినా బిగుసుకోకుండా 40 సెంటీమీటర్ల వదులు, రెండు కొసల్లో క్లాంపు నుంచి కనెక్టర్ దాకా చెరి 30. మొత్తం 2.55, మూడు మీటర్లకి సర్దాను.

అంతకంటే పొడవు పెట్టాలన్న ఆశ వద్దు. వదులు మరీ ఎక్కువైతే గాలికి ఊగి టవర్ బోల్టులకి తగులుకుంటుంది, తిరిగేటప్పుడు రొటేటర్ కిందికి దూరుతుంది. రొటేటర్ ఆగదు, కేబుల్ తెగుతుంది. కొందరు మాస్ట్ చుట్టూ రెండు మూడు చుట్లు వదులుగా చుట్టి అదే కామన్ మోడ్ చోక్‌గా (కేబుల్ బయటి పైపొర మీద కరెంటు పారకుండా ఆపేది) కూడా పనికొస్తుందంటారు. తిరిగినప్పుడల్లా ఆ చుట్ల వ్యాసం మారుతుంది, చోక్ గుణమూ దాంతోపాటే మారుతుంది. చోక్ ఉండాల్సింది ఫీడ్ పాయింట్ దగ్గర. కేబుల్‌ని మెలితిప్పడం కూడా వంచడం కంటే చేటు. లూప్ యూ ఆకారంలో వేలాడుతూ తెరుచుకుంటూ మూసుకుంటూ ఉండాలి, తనలో తాను మెలి పడకూడదు. దీనికి చుట్టలోంచి తీసిన కేబుల్‌కి సహజంగా ఉండే వంపు ఎటుందో చూసి, లూప్ వంపు కూడా అటే వచ్చేలా కట్టాలి.

మార్చి మొదట్లో కనెక్టర్లు వేశాను. 144, 432 లైన్లకి ఎన్ రకం. పీఎల్-259కి 432 దగ్గర 50 ఓమ్‌లు నిలవవు. హెచ్‌ఎఫ్ (20, 15, 10 మీటర్ల) లైన్‌కి పీఎల్-259 చాలు. సోల్డరింగ్‌కి చిన్న ఐరన్ పట్టుకుని ఎక్కువసేపు కాచడం కంటే, 100 వాట్ల ఐరన్‌తో కొద్ది సెకన్లలో ముగించడం మేలు. పాలిథిలిన్ సుమారు 110 డిగ్రీలకే కరుగుతుంది, మెత్తబడితే మధ్య తీగ పక్కకి వాలుతుంది. పూర్తిగా చల్లారేదాకా కేబుల్‌ని నిటారుగా పెట్టి కదపలేదు. ఇంకొక సంగతి, ఇది చాలా లూప్‌ల ప్రాణం తీస్తుంది: సోల్డర్ బ్రెయిడ్ తీగల్లోకి పాకి అక్కడ కేబుల్‌ని కడ్డీలా గట్టిపరుస్తుంది. ఆ గట్టి భాగం ఎక్కడ ముగుస్తుందో వంపు మొత్తం అక్కడే పడి తీగలు ఒక్కొక్కటే తెగుతాయి. అందుకే కనెక్టర్ దాకా వంపు రాకూడదు. కనెక్టర్‌కి కనీసం 20 సెంటీమీటర్ల ముందే క్లాంపు పడాలి. నేను 30 వదిలాను.

పైకి ఎక్కించే ముందు కింద ఒక పరీక్ష. లూప్ ఒక కొసకి డమ్మీ లోడ్, మరో కొసకి వీఎన్ఏ. 12 సెంటీమీటర్ల వ్యాసార్థంతో అటూ ఇటూ వంచుతూ, కనెక్టర్ల దగ్గర ఊపుతూ 500 మెగాహెర్ట్జ్ దాకా రిటర్న్ లాస్ (పంపిన సంకేతం కంటే తిరిగొచ్చింది ఎన్ని డీబీలు తక్కువో చూపే) గీత చూశాను. గీత వణకకూడదు. ఒక ఎన్ కనెక్టర్ దగ్గర కొద్దిగా వణికింది, కోసి మళ్లీ వేశాను. తర్వాత డమ్మీ లోడ్ తీసేసి కొస తెరిచి ఉంచి కొలిస్తే, వచ్చిన రిటర్న్ లాస్‌లో సగమే ఒక వైపు నష్టం. ఆ సంఖ్యలు రాసి పెట్టుకున్నాను. ఏడాది తర్వాత పోల్చడానికి అవే ఆధారం.

కట్టడంలో క్లాంపు కింద రబ్బరు గొట్టం ముక్క చీల్చి తొడిగాను, లోహపు అంచు జాకెట్‌ని కోయకుండా. కేబుల్ టైలు నల్లవే వాడాలి, తెల్లవి ఎండకి పెళుసెక్కి రాలిపోతాయి. బిగువు కేబుల్ జారకుండా ఆపేంత ఉంటే చాలు. ప్రధాన ఫోమ్ కేబుల్‌కి కట్టే టైలు గట్టిగా లాగితే సొట్ట పడి ఆ చోట ఇంపిడెన్స్ మారుతుంది. మూడు లూప్‌లనీ ఒకే కట్టగా బిగించలేదు. బిగిస్తే మూడూ కలిసి ఒక లావాటి బిరుసు తాడులా వంగుతాయి. వదులుగా, దగ్గరదగ్గరగా విడివిడిగా వదిలాను. లూప్ అడుగు భాగం కింది కనెక్టర్ కంటే దిగువకి వేలాడాలి, అప్పుడు వాన నీరు కేబుల్ వెంబడి జారి అక్కడే కారిపోతుంది, కనెక్టర్‌లోకి పోదు.

నీరు చొరకుండా కట్టడానికి మొదట ఒక పొర మామూలు పీవీసీ టేపు, రేపు విప్పాల్సి వస్తే కనెక్టర్ శుభ్రంగా బయటపడటానికి. దాని మీద తనకి తానే అతుక్కునే రబ్బరు టేపు, రెట్టింపు పొడవుకి సాగదీసి, సగం మీద సగం పడేలా. పైన మళ్లీ పీవీసీ టేపు, చివరి పొర కింది నుంచి పైకి చుట్టాలి, పెంకుటింటి కప్పులా పై మడత కింది మడతని కప్పేలా. ఆఖరి చుట్టు సాగదీయకుండా వదిలేయాలి, సాగదీస్తే కొస ముడుచుకుని ఊడొస్తుంది. వెనిగర్ వాసన కొట్టే సిలికాన్ మాత్రం దగ్గరికి రానీయొద్దు. దానిలోంచి వచ్చే ఆమ్లం రాగిని తినేస్తుంది. పని మొత్తం పొడి రోజున చేశాను. తడి లోపల ఉండగా టేపు చుడితే నీటిని లోపలే దాచినట్టు. బ్రెయిడ్ ఒకసారి నీరు పీల్చిందంటే మీటర్ల దూరం లాక్కుంటుంది, ఆ కేబుల్ ఇక ఆరదు.

మొదటిసారి తిప్పినప్పుడు టేపు వేయలేదు. అన్నీ సరిపోయాయని తేలాకే టేపు. మధ్య నుంచి ఒక చివరికి కొంచెం కొంచెంగా, ప్రతి 45 డిగ్రీలకీ ఆపి, లూప్ ఎక్కడైనా తగులుతోందా అని కళ్లతో చూస్తూ, కింద ఎస్‌డబ్ల్యూఆర్ రాసుకుంటూ. ఎడమ చివర హెచ్‌ఎఫ్ లూప్ ఒక క్రాస్ బ్రేస్ బోల్టుకి రాసుకుంది. కింది క్లాంపుని 15 సెంటీమీటర్లు పైకి జరిపితే పోయింది. ఇది కాగితం మీద ఏ లెక్కలోనూ కనపడదు, తిప్పి చూస్తేనే తెలుస్తుంది. రెండో చుట్టులో 28 మెగాహెర్ట్జ్ మీద ఎస్‌డబ్ల్యూఆర్ 1.3 దగ్గర మొదలై 1.4 దాటలేదు, ముల్లు ఎక్కడా ఎగరలేదు. దక్షిణం దాటి పడమరకి తిరిగినప్పుడు ఊపిరి బిగపట్టే చూశాను, అక్కడా కదల్లేదు. ఎంత సంతోషమో చెప్పలేను.

రెండు యాగీలని పైకీ కిందికీ కూడా తిప్పే ఎలివేషన్ రొటేటర్ పెట్టేవాళ్లకి ఇలాంటి లూప్ రెండు చోట్ల కావాలి, ఒకటి అడ్డం తిరుగుడుకి, ఒకటి నిలువు తిరుగుడుకి. ఎలివేషన్ దగ్గర చోటు తక్కువ, అక్కడ ఆర్‌జీ-213 కంటే అల్ట్రాఫ్లెక్స్ తేలిగ్గా సర్దుకుంటుంది. ప్రీఆంప్లిఫయర్‌ని (అందుకున్న బలహీన సంకేతాన్ని పెంచే పరికరం) రొటేటర్ పైన, యాంటెనా పక్కనే పెడితే రిసీవ్‌లో లూప్ నష్టం దాదాపు లెక్కకి రాదు.

నెల తర్వాత, ఏప్రిల్లో, ఒకసారి ఎక్కి చూశాను. కొత్తలో పీవీసీ జాకెట్ కాస్త సాగి సర్దుకుంటుంది, పై క్లాంపు అర చుట్టు వదులైంది, బిగించాను. ఇకమీదట ఏడాదికోసారి చూడాల్సినవి: క్లాంపు అంచు దగ్గర జాకెట్ మీద తెల్లటి గీతలు, టేపు కొసలు, వంపు మధ్యలో చేత్తో నొక్కితే ఎక్కడైనా మెత్తగా తగలడం. లూప్ వస్తువే అరిగిపోయేది కాబట్టి, అదే చుట్టలోంచి అదే పొడవుతో మరో లూప్ కనెక్టర్లతో సహా చేసి, కొలత సంఖ్యలు రాసిన చీటీ కట్టి, పెద్ద చుట్టగా చుట్టి గదిలో వేలాడదీశాను. ఈసారి కేబుల్ కోసం ఎదురుచూడక్కర్లేదు, రెండు కనెక్టర్లు విప్పి రెండు బిగిస్తే సరిపోతుంది.